నగర పాలనా రూపం మార్పు: అనంతపురం అనుభవం, పరిశీలించవలసిన అంశాలు

(నేపథ్య వ్యాసం – పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం)

అనంతపురం: ఒక పట్టణమును పురపాలక సంఘంగానే ఉంచవలెనా, నగరపాలక సంస్థగా మార్చవలెనా, మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకొనవలెనా, కార్పొరేటర్లు ఎన్నుకొనవలెనా, శివారు పంచాయతీలను నగరంలో కలుపవలెనా అనే ప్రశ్నలు తరచు ఒకే చర్చగా ముందుకు వస్తుంటాయి. నిజమునకు ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది సంస్థ స్థాయికి, రెండవది నాయకత్వ ఎన్నిక విధానానికి, మూడవది పరిధికి సంబంధించినవి. ఒక్కొక్కదానిని నిర్ణయించే చట్టం వేరు, దాని వలన ప్రభావితులయ్యే ప్రజలు కూడా వేరు. 2005లో పురపాలక సంఘం నుండి నగరపాలక సంస్థగా మారిన అనంతపురం ఈ మూడు ప్రశ్నలనూ ఎదుర్కొన్న నగరం. ఆ అనుభవము ఆధారంగా చట్టపరమైన నేపథ్యమును, వాదోపవాదములను ఈ వ్యాసం క్రోడీకరిస్తున్నది.

నగరం – నీరు

విజయనగర రాజుల కాలంనాటి అనంతసాగరం చెరువు పేరు మీదుగా వెలసిన ఊరు అనంతపురం. 1882లో బళ్లారి జిల్లా నుండి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసినప్పటి నుండి ఇది జిల్లా కేంద్రంగా ఉన్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. అనంతపురం మాత్రం తన జిల్లాకు కేంద్రంగానే కొనసాగుతున్నది.

ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ పంట చేతికి రాని సంవత్సరములలో పల్లెల నుండి కుటుంబాలు పనుల కొరకు పట్టణానికి, అక్కడి నుండి బెంగుళూరుకు వలస పోవుట ఈ ప్రాంతంలో పరిపాటి. అందువలన జిల్లా కేంద్రంలోని స్థానిక సంస్థపై పడే భారం దాని ఆదాయంతో పోల్చిన ఎప్పుడూ అధికమే.

నగరానికి తాగునీరు ప్రధానంగా పెన్న అహోబిలం సమతుల్య జలాశయం (పి.ఏ.బి.ఆర్.), మధ్య పెన్నార్ జలాశయాల (ఎం.పి.ఆర్.) వైపు నుండి లభిస్తుంది. ఇవి తుంగభద్ర ఎగువ కాలువ నీటిపై ఆధారపడినవి. హంద్రీ–నీవా సుజల స్రవంతి ద్వారా కృష్ణా జలాలు 2012లో జీడిపల్లి జలాశయానికి చేరిన తరువాత జిల్లాకు మరొక ఆధారం ఏర్పడినది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. జలాశయానికి ఎంత నీరు చేరవలెనన్నది తుంగభద్ర బోర్డు, జలవనరుల శాఖల స్థాయిలో తేలే విషయం. అక్కడి నుండి వచ్చిన నీటిని శుద్ధిచేసి ఏ కాలనీకి ఏ రోజు, ఎంతసేపు వదలవలెను, ఎక్కడ గొట్టాలు మార్చవలెను, ఎక్కడికి ట్యాంకరు పంపవలెను అన్నది నగరపాలక సంస్థ చేతిలోనిది. పాలనా రూపం మార్పు ఈ రెండవ భాగాన్ని మాత్రమే ప్రభావితం చేయగలదు. మొదటి భాగం విషయమై మార్పు నుండి ఫలితం ఆశించుట సరికాదు.

చట్టాల నేపథ్యం

1882 మే నెలలో నాటి వైస్రాయ్ లార్డ్ రిప్పన్ ప్రభుత్వం వెలువరించిన తీర్మానం స్థానిక స్వపరిపాలనకు పునాదిగా పేర్కొనబడుతున్నది. అనంతపురం జిల్లా ఏర్పడిన సంవత్సరం కూడా అదే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884, 1920 నాటి జిల్లా పురపాలక సంఘాల చట్టాలు అమలులో ఉండగా, ఆంధ్రప్రదేశ్ అవతరణ అనంతరం 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం వచ్చినది. నగరపాలక సంస్థలకు మూలం 1955 నాటి హైదరాబాదు చట్టం. కొత్తగా ఏర్పడే నగరపాలక సంస్థల కొరకు ఆ చట్ట నిబంధనలను వర్తింపజేస్తూ 1994లో ఆంధ్రప్రదేశ్ నగరపాలక సంస్థల చట్టం రూపొందినది.

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా లభించినది. 243–క్యూ అధికరణం ప్రకారం గ్రామ స్వభావం నుండి పట్టణ స్వభావానికి మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ, చిన్న పట్టణ ప్రాంతానికి పురపాలక సంఘం, పెద్ద పట్టణ ప్రాంతానికి నగరపాలక సంస్థ ఏర్పాటు కావలెను. జనాభా, జనసాంద్రత, స్థానిక పరిపాలనకు లభించే ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాధాన్యం మొదలగు అంశాలను పరిగణించి గవర్నర్ పేరున వెలువడే ప్రకటన ద్వారా ఈ వర్గీకరణ జరుగుతుంది. అధ్యక్షుని ఎన్నిక విధానాన్ని మాత్రం 243–ఆర్ అధికరణం రాష్ట్ర శాసనసభకు విడిచిపెట్టినది. కావున మేయర్ ఎన్నిక పద్ధతి మారవలెనన్న శాసనసభ చట్టం చేయవలసి ఉంటుంది. నగర పాలనా రూపంపై ఓటర్ల అభిప్రాయాన్ని నేరుగా ఓటింగ్ ద్వారా తెలుసుకొనే ఏర్పాటు మన పురపాలక చట్టాలలో లేదు.

2005 మార్పు: ఏమి మారినది, ఏమి మారలేదు

నగరపాలక సంస్థగా మారిన అనంతరం అనంతపురంలో వార్డులకు బదులు డివిజన్లు, కౌన్సిలర్లకు బదులు కార్పొరేటర్లు, ఛైర్‌పర్సన్‌కు బదులు మేయర్ వచ్చినారు. 2021 ఎన్నికలు 50 డివిజన్లకు జరిగినవి. నగరపాలక సంస్థల చట్టం ప్రకారం అధికారాలు మూడు అంగాల మధ్య పంపిణీ అవుతాయి. విధాన నిర్ణయములు, బడ్జెట్ ఆమోదం సర్వసభ్య సమావేశానికి, నిర్ణీత పరిమితిలో పనుల మంజూరు, ఆర్థిక విషయాల పరిశీలన కార్పొరేటర్లు ఏటా తమలో నుండి ఎన్నుకొనే స్థాయీ సంఘానికి, కార్యనిర్వహణ అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌కు చెంది ఉంటాయి.

దీనివలన కలిగిన ప్రయోజనం ప్రధానంగా పరిపాలనాపరమైనది. పనుల మంజూరులో అధిక ఆర్థిక పరిమితి, ఉన్నత హోదాగల కమిషనర్, ఇంజనీరింగ్, ప్రజారోగ్య, పట్టణ ప్రణాళిక విభాగాలకు హెచ్చు స్థాయి అధికారులు అందులో భాగం. మారనిది కార్యనిర్వాహక అధికార స్థానం. మేయర్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు, నగర ప్రథమ పౌరులుగా గౌరవం పొందుతారు. అయినను సిబ్బందిపై అదుపు, ఉత్తర్వుల అమలు కమిషనర్ చేతిలోనే ఉంటాయి. కుళాయిలో నీరు రాని పక్షంలో పౌరుడు అడిగేది కార్పొరేటర్‌ను, మేయర్‌ను. ఆ నీటిని వదిలే సిబ్బంది సమాధానం చెప్పేది కమిషనర్‌కు. పాలనా రూపంపై చర్చలో అన్నింటికన్న కీలకమైన అంతరం ఇదే. హోదా పెంపు ఈ అంతరాన్ని తగ్గించలేదు.

మేయర్ ఎన్నిక: ప్రత్యక్షమా, పరోక్షమా

రాష్ట్రంలో రెండు విధానాలూ అమలు జరిగినవి. 1995, 2000 సంవత్సరాల పురపాలక ఎన్నికలలో మేయర్లను, ఛైర్‌పర్సన్లను ఓటర్లే నేరుగా ఎన్నుకొన్నారు. 2002లో హైదరాబాదు మేయర్ ఎన్నిక కూడా ప్రత్యక్ష పద్ధతిలోనే జరిగినది. 2005 ఎన్నికల నాటికి పరోక్ష విధానం వచ్చినది. 2014, 2021 ఎన్నికలు కూడా ఇదే విధానంలో జరిగినవి. ఎన్నికైన సభ్యులతోపాటు ఎక్స్ అఫీషియో హోదాలో ఆ ప్రాంత లోక్‌సభ, శాసనసభ సభ్యులు మొదలగువారు చేతులెత్తే పద్ధతిలో ఓటు వేస్తారు. గుర్తింపు పొందిన పార్టీలు విప్ జారీ చేయవచ్చును. 2021లో చట్ట సవరణ ద్వారా రెండవ ఉప మేయర్ పదవి కూడా ఏర్పాటైనది.

పరోక్ష విధానంలో ఒక్కొక్క ఓటుకు ఎంత విలువ ఉంటుందో అనంతపురం జిల్లాలోని తాడిపత్రి పురపాలక సంఘం 2021లో చూపినది. అక్కడ 36 వార్డులకుగాను తెలుగుదేశం పార్టీకి 18, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 16, సి.పి.ఐ.కి ఒకటి, స్వతంత్రునికి ఒకటి లభించినవి. ఎక్స్ అఫీషియో ఓట్లు రెండు కలిపితే రెండు ప్రధాన పక్షాల బలం 18 చొప్పున సమానమగు పరిస్థితి ఏర్పడినది. సి.పి.ఐ., స్వతంత్ర సభ్యుల మద్దతుతో తెలుగుదేశం పార్టీ ఛైర్మన్ పదవిని పొందినది. వార్డు ఓటరు ఎన్నుకొనని సభ్యుల ఓటు ఛైర్మన్‌ను నిర్ణయించగలదా అన్న ప్రశ్న ఆ సందర్భంగా చర్చకు వచ్చినది.

పదవీకాల స్థిరత్వం మరొక అంశం. 2025 ఏప్రిల్‌లో మహా విశాఖ నగరపాలక సంస్థలో మేయర్‌పై అవిశ్వాస తీర్మానం నెగ్గి, అదే నెలలో కొత్త మేయర్ ఎన్నిక జరిగినది. నాలుగు సంవత్సరాలు పూర్తి కానిదే అవిశ్వాసం ప్రతిపాదించరాదన్న నాటి నిబంధన గడువు ముగిసిన వెంటనే జరిగిన పరిణామమిది. పరోక్ష విధానంలో సభలో బలాబలాలు మారినప్పుడు మేయర్ మారుట సహజం. ఇది జవాబుదారీతనమని ఒక వాదం, అస్థిరత అని మరొక వాదం.

ప్రత్యక్ష విధానానికి అనుకూలంగా చెప్పబడే అంశాలు: నగరమంతటికీ ఒకే వ్యక్తి బాధ్యత వహించుట, డివిజన్ల వారీ బేరసారాలకు అవకాశం తగ్గుట, ఓటరుకు ఎవరిని అడుగవలెనో స్పష్టంగా తెలియుట. వ్యతిరేకంగా చెప్పబడేవి: మేయర్ ఒక పార్టీ, సభలో ఆధిక్యం మరొక పార్టీ అయిన పక్షంలో బడ్జెట్ నుండి చిన్న పనుల వరకు స్తంభించే ప్రమాదం, ఎన్నికల వ్యయం అధికమగుట. కార్యనిర్వాహక అధికారం కమిషనర్ వద్దనే ఉంచి మేయర్‌ను మాత్రం ప్రత్యక్షంగా ఎన్నుకొన్నందువలన ప్రజల ఆశ పెరుగును గాని అధికారం పెరుగదన్నది ఉభయ పక్షాలూ అంగీకరించవలసిన విషయం.

ఇతర నగరాల అనుభవం

కలకత్తాలో 1980 నాటి చట్టం 1984లో అమలులోకి వచ్చి, మేయర్ ఇన్ కౌన్సిల్ విధానం ఏర్పడినది. సభలో ఆధిక్యంగల పక్షం నుండి మేయర్, వారు ఎంచుకొన్న సభ్యుల బృందం మంత్రివర్గం వలె కార్యనిర్వాహక బాధ్యత వహిస్తారు. ఎన్నిక పరోక్షమైనను అధికారం ప్రతినిధుల చేతిలో ఉన్నందున మన విధానానికి ఇది భిన్నమైనది. సిమ్లాలో 2012లో మేయర్, ఉప మేయర్‌లను ప్రజలు నేరుగా ఎన్నుకొనగా రెండు పదవులూ సి.పి.ఎం.కు లభించినవి, సభలో మాత్రం ఆధిక్యం ఇతర పార్టీలదే. అనంతరం అక్కడ పరోక్ష విధానం తిరిగి వచ్చినది.

అమెరికాలో ప్రకృతి వైపరీత్యాలే కొన్ని నగరాల పాలనా రూపాన్ని మార్చినవి. 1900లో తుఫానుకు ధ్వంసమైన గాల్వెస్టన్ నగరం మరుసటి సంవత్సరం కమిషన్ విధానాన్ని చేపట్టినది. 1913 వరదల అనంతరం డేటన్ నగరం వృత్తి నిపుణుడైన మేనేజరుకు పరిపాలనను అప్పగించే విధానానికి మారినది. బ్రిటన్‌లో 2012 మేలో పది నగరాలలో ప్రత్యక్ష మేయర్ విధానంపై ఓటింగ్ జరుగగా బ్రిస్టల్ ఒక్కటే అంగీకరించినది. అదే బ్రిస్టల్ ఓటర్లు 2022లో ఆ పదవిని రద్దుచేయుటకు నిర్ణయించగా, 2024 మే నుండి సంఘాల విధానం వచ్చినది. ఏ రూపమూ శాశ్వత పరిష్కారం కాదనుటకు, మార్చిన దానిని తిరిగి మార్చుకొనే అవకాశం కూడా ప్రజలకు ఉండవలెననుటకు బ్రిస్టల్ అనుభవం ఉదాహరణ.

శివారు పంచాయతీల విలీనం

2011 జనాభా లెక్కల ప్రకారం నగరపాలక సంస్థ పరిధిలో సుమారు 2.6 లక్షల జనాభా ఉండగా, చుట్టుపక్కల ప్రాంతాలతో కూడిన నగర సముదాయంలో సుమారు 3.4 లక్షల జనాభా ఉన్నది. రుద్రంపేట, నారాయణపురం, పాపంపేట, కక్కలపల్లి వంటి శివారు ప్రాంతాలు నగరంతో కలిసిపోయినట్లే పెరిగినవి. ఈ రెండు సంఖ్యల మధ్య రాజ్యాంగపరమైన ఒక గీత కలదు. 243–ఎస్ అధికరణం ప్రకారం మూడు లక్షలు, అంతకు మించిన జనాభాగల పురపాలక ప్రాంతంలో వార్డు సంఘాల ఏర్పాటు తప్పనిసరి. 2011 లెక్క ప్రకారం నగర పరిధి ఆ గీతకు దిగువన, నగర సముదాయం దానికి ఎగువన నిలిచినవి.

విలీనానికి బలమైన కారణం వంకలు, మురుగు కాలువలు. 2022 అక్టోబరులో భారీ వర్షాలకు నడిమివంక పొంగి నగరంలోని అనేక కాలనీలు జలమయమైనవి. వర్షం కొరకు ఎదురుచూసే నగరం ఒక్క రాత్రి వర్షానికి మునిగిన సందర్భమది. వంక పైభాగం పంచాయతీలలో, దిగువ భాగం నగరంలో ఉన్నప్పుడు ఆక్రమణల తొలగింపు, పూడికతీత ఇరువైపులా ఒకే ప్రణాళికతో జరుగుట కష్టసాధ్యం.

విలీనానికి ఎదురయ్యే అభ్యంతరం కూడా అంతే బలమైనది. గ్రామీణ ఉపాధి పథకాలు గ్రామ పంచాయతీల పరిధిలోని కుటుంబాలకే వర్తిస్తాయి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైనది ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే. కరవు సంవత్సరంలో ఆ పని దినములే ఆధారమైన కూలి కుటుంబానికి తమ ఊరు నగరంలో కలియుట ఒక ఆధారం కోల్పోవుట కాగలదు. దీనితోపాటు పంచాయతీ ఇంటి పన్ను స్థానంలో పురపాలక ఆస్తి పన్ను వస్తుంది. 2020 నాటి చట్ట సవరణ అనంతరం ఆస్తి పన్ను వార్షిక అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారంగా నిర్ణయించబడుతున్నది. నగరం సమీపంలో భూమి విలువ పెరిగిన కొలది ఈ భారం పెరిగే అవకాశముండగా, కుళాయి, కాలువ, వీధి దీపం మాత్రం నిధులు లభించినప్పుడే వస్తాయి. పన్ను ముందు, సౌకర్యం తరువాత అన్న అనుమానం శివారు ప్రజలలో కలుగుట సహజం.

పాలకవర్గం లేని కాలం

ప్రత్యక్షమా, పరోక్షమా అన్న చర్చలో తరచు మరుగునపడే విషయం ఒకటి ఉన్నది. అనంతపురం నగరపాలక సంస్థ తొలి పాలకవర్గం కాలం 2010 సెప్టెంబరులో ముగిసినది. తదుపరి ఎన్నికలు 2014 మార్చిలో జరిగి, మేయర్ ఎన్నిక జూలైలో పూర్తయినది. ఆ పాలకవర్గం గడువు 2019 జూలైలో ముగిసినది. 2020 మార్చిలో ప్రారంభమైన ఎన్నికల ప్రక్రియ కోవిడ్ కారణంగా నిలిచి, 2021 మార్చి 10న పోలింగ్, 18న మేయర్ ఎన్నిక జరిగినవి. మొదటి విరామం దాదాపు మూడు సంవత్సరాల పది నెలలు, రెండవది సుమారు ఒక సంవత్సరం ఎనిమిది నెలలు. రెండూ కలిపిన ఐదు సంవత్సరాలకు పైబడిన కాలం, అనగా ఒక పూర్తి పాలకవర్గ కాలానికి మించి, నగరం ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నది. రాష్ట్రంలోని పలు ఇతర పట్టణాల పరిస్థితి కూడా ఇదే.

243–యు అధికరణం ప్రకారం పాలకవర్గ కాలం ఐదు సంవత్సరాలు, గడువు ముగియుటకు ముందే ఎన్నికలు పూర్తి కావలెను. ఈ నిబంధన తప్పనిసరి అని కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. అయినను రిజర్వేషన్ల ఖరారు, వార్డుల పునర్విభజన, విలీన ప్రతిపాదనలు, వాటిపై న్యాయస్థానాలలో వివాదాలు అనేక పర్యాయములు జాప్యానికి కారణమైనవి. స్థానిక సంస్థలలో మొత్తం రిజర్వేషన్లు 50 శాతానికి మించరాదని 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అనంతరం రాష్ట్రంలో రిజర్వేషన్ల నిర్ణయం జటిలమైనది. గడువు సమీపించిన వేళ పరిధి మార్పును చేపట్టినప్పుడు, ఆ మార్పే ఎన్నికల వాయిదాకు కారణం కాగల ప్రమాదమున్నది.

నిధులపై కూడా దీని ప్రభావం కలదు. 14వ ఆర్థిక సంఘం గ్రాంట్లను విధివిధానాల ప్రకారం ఏర్పడిన స్థానిక సంస్థలకే ఉద్దేశించినది. 15వ ఆర్థిక సంఘం పది లక్షలకు లోబడిన జనాభాగల నగరాల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం వంటి అవసరాలకు ముడిపెట్టినది. అనంతపురం వంటి నగరానికి ఆ నిధి హోదా కన్న ముఖ్యమైనది.

పరిశీలించవలసిన అంశాలు

పాలనా రూపం మార్పుపై ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ క్రింది అంశాలను విడివిడిగా పరిశీలించుట ఉపయుక్తం.

1. ప్రతిపాదన దేనికి సంబంధించినది: హోదాకా, ఎన్నిక విధానానికా, పరిధికా? ఒకదాని ప్రయోజనమును మరొకదానికి ఆపాదించరాదు.

2. మేయర్ ఎన్నిక పద్ధతి మార్పుతోపాటు మేయర్‌కు, కమిషనర్‌కు మధ్య అధికారాల పంపిణీ కూడా మారుచున్నదా? మారని పక్షంలో పౌరునికి కలిగే ప్రయోజనం పరిమితం.

3. విలీనమయ్యే ప్రాంతాలలో ఉపాధి పథకాలపై ఆధారపడిన కుటుంబాలెన్ని, వారికి ప్రత్యామ్నాయమేమి, పన్ను ఏ సంవత్సరం నుండి, నీటి గొట్టాలు ఏ సంవత్సరం నుండి అన్నది ముందుగా ప్రకటించబడినదా?

4. మార్పు కారణంగా ఎన్నికలు గడువు దాటే అవకాశమున్నదా? ఉన్న పక్షంలో మార్పు వలన ఆశించే లాభం, పాలకవర్గం లేని కాలం వలన కలిగే నష్టం రెండూ తూచవలెను.

అనంతపురం అనుభవం నుండి తేలునది ఇది. 2005లో హోదా పెరిగినది, యంత్రాంగం బలపడినది. అయితే ఆ తరువాతి పదహారు సంవత్సరాలలో దాదాపు మూడవ వంతు కాలం ఆ సంస్థలో ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధి లేరు. ఏ రూపమైనను, అందులో ప్రజలు ఎన్నుకొన్నవారు సకాలంలో కూర్చొననిదే, వేసవిలో ఏ కాలనీకి ముందు నీరు వదలవలెనన్న నిర్ణయమును ప్రశ్నించుటకు సభ ఉండదు. పాలనా రూపం ఎంపిక ముఖ్యమైనదే. ఎంచుకొన్న రూపాన్ని ఖాళీగా ఉంచకుండుట అంతకన్న ముఖ్యమైనది.